చెప్పుల డబ్బాలో సముద్రగర్భం: కురుసుర దగ్గర సోనార్ పాఠం

యుద్ధ సాంకేతికత మీద పాఠమనగానే చాలామంది ‘ఆయుధాలు మేలా, కీడా’ అని డిబేట్ పెట్టేస్తారు. పిల్లలు టీవీలో విన్నదే అప్పజెబుతారు, బెల్లు కొట్టేస్తుంది. ఒక్క వస్తువు పట్టుకుని, అది పుట్టినచోటు నుంచి మామూలు జనం చేతికొచ్చేదాకా దాని వెంట నడవండి. విశాఖ బడులకి సోనార్‌ని (నీటిలో శబ్దాన్ని బట్టి లోతునీ వస్తువుల్నీ పసిగట్టే పరికరం) మించింది లేదు. ధ్వని పాఠం తొమ్మిదో తరగతిలోనే ఉంది, మ్యూజియంగా మారిన కురుసుర సబ్‌మెరైన్ ఆర్కే బీచ్‌లో ఉంది, ఫిష్ ఫైండర్ (చేపల జాడ చూపే చిన్న సోనార్) పెట్టుకున్న బోట్లు ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నాయి. మూడు పీరియడ్లు, ఒక మధ్యాహ్నం, ఒక ఉదయం చాలు.

ముందు డబ్బా. దాని అడుగు సముద్రగర్భం, లోతు కొలిచే స్పోకు సోనార్ శబ్దం అనుకోండి. 40 మందికి 8 చెప్పుల డబ్బాలు తీసుకోండి. పిల్లలు చూడకుండా అడుగున రెండు మూడు రాళ్లు, బోర్లించిన చిన్న గిన్నె పెట్టి ఎం-సీల్‌తో అతికించండి. అతికించకపోతే డబ్బా కదిపినప్పుడల్లా ‘సముద్రం’ మారిపోతుంది. మూతకి గ్రాఫ్ కాగితం అంటించి 2 సెం.మీ.కి ఒక బెజ్జం వేయండి. సైకిల్ స్పోకు మీద అర సెం.మీ. గుర్తులు పెట్టి ఒక్కో బెజ్జంలో దింపి, లోతు రాయించండి. మూడేసి సెం.మీ.కి ఒక రంగు వేస్తే మ్యాపు తయారు. అది పూర్తయ్యేదాకా మూత తీయనివ్వకండి.

చీపురుపుల్ల పనికిరాదు. వంగిపోయి లోతు ఎక్కువ చూపిస్తుంది. స్పోకు ఏటవాలుగా దిగినా అదే తప్పు. ఒక జట్టుకి మాత్రం కావాలనే 4 సెం.మీ.కి ఒక బెజ్జం వేసివ్వండి. వాళ్ల మ్యాపులో గిన్నె ఆకారం చెదిరిపోతుంది, ఒక్కోసారి ఒక రాయే కనబడదు. ‘మాకూ ఇంకొన్ని బెజ్జాలు కావాలి’ అని వాళ్లే అడుగుతారు. అసలు పాఠం అక్కడే మొదలు: దగ్గరదగ్గరగా కొలవాలంటే సమయం, డబ్బు కావాలి. ఆ డబ్బు ముందు ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు?

తర్వాత లెక్క. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1500 మీటర్లు. ప్రతిధ్వని 0.2 సెకన్లలో తిరిగొస్తే లోతు 150 మీటర్లు. సగం మంది 300 అని రాస్తారు. కిందికో బాణం, పైకో బాణం గీయిస్తే తప్పు వాళ్లకే తెలుస్తుంది. ‘అన్నీ యుద్ధమే కనిపెట్టింది’ అనే మాటనీ ఇక్కడే సరిచేయండి. 1912లో టైటానిక్ మునిగాక మంచుకొండల్ని ప్రతిధ్వనితో పసిగట్టాలని చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్ల దెబ్బకి ఆ పని ఊపందుకుంది. ఫ్రాన్స్‌లో భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ నీటిలో శబ్దం పంపి ప్రతిధ్వని పట్టడానికి క్వార్ట్జ్ స్ఫటికాలతో పనిచేసింది అప్పుడే.

కురుసురకి సోమవారం సెలవు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియమైన ఈ సబ్‌మెరైన్ పొడవు 91.3 మీటర్లు. లోపలి గుండ్రటి ద్వారాల్లో ఒక్కొక్కరే దూరాలి కాబట్టి పదేసి మందిని పంపండి, బ్యాగులు బస్సులోనే ఉంచండి. చూసి రమ్మంటే ఫోన్లు తీస్తారు. తలా ఒక పని అప్పజెప్పండి: ఒకరు పడక పొడవు జానల్లో, ఇంకొకరు పడకల లెక్క, మరొకరు టార్పెడో ట్యూబుల లెక్క (ముందు 6, వెనక 4). సోనార్ దగ్గర గైడుని ఒకటే అడిగించండి: శబ్దం పంపేవారా, వినేవారా? సినిమాల్లో సోనార్ పంపే ‘పింగ్’ శబ్దం విన్న పిల్లలకి జవాబు వింతగా ఉంటుంది. పింగ్ పంపితే తామెక్కడున్నదీ బయటపడుతుంది కాబట్టి సబ్‌మెరైన్ ఎక్కువగా చెవి రిక్కించి ఉంటుంది. ఫిష్ ఫైండర్‌కి ఆ బెంగలేదు, చేపలు తిరిగి కాల్చవుగా.

హార్బర్‌కి తెల్లవారుజామున వెళితే వేలంపాట హడావుడిలో ఎవరూ మాట్లాడరు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పరీక్షలయ్యాక సెలవులిచ్చేలోగా దొరికే నాలుగు రోజుల్లో వెళితే వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా చెబుతారు. ఫైండర్ ఎప్పుడు కొన్నారు, అప్పు చేశారా, అంతకుముందు చేపల జాడ ఎలా పట్టేవారు, అది కొనలేని తెప్పల వాళ్ల సంగతేమిటి? ఈ నాలుగూ చాలు.

తండ్రి డాక్‌యార్డులోనో నేవీలోనో ఉన్న పిల్లలు క్లాసులో ఉంటారు. ఇంట్లో ఏం పని చేస్తారని అడగొద్దు. నౌకాదళం వైపు ఫోటోలు అసలే వద్దు.

మార్కులు పదికి: మ్యాపుకి 4, లెక్కకి 2, బోటువాళ్ల జవాబులకి 4. మిగతా జట్ల మ్యాపులతో పోలని మ్యాపు వస్తే కొట్టేయకండి, ముందు స్పోకు వంగిందేమో చూడండి.