తక్కువ ఖర్చులో క్రాంక్ పవర్ మీటర్ ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్ ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద ఎదురుగాలి కొడితే గంటకు 24 కిలోమీటర్లు దాటడమే గగనం. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే 34 కూడా తేలిగ్గా వస్తుంది. కాళ్లు పడే కష్టం మాత్రం రెండువైపులా ఒకటే కావచ్చు. స్పీడ్ చూస్తే తెలియని ఆ కష్టాన్ని వాట్లలో చూపించేది పవర్ మీటర్.

పెడల్ తొక్కినప్పుడు క్రాంక్ ఆర్మ్, అంటే పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే కడ్డీ, కంటికి కనపడనంతగా వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు అనే సన్నని సెన్సర్లు ఆ వంపును బట్టి టార్క్, అంటే తిప్పే బలం, చెబుతాయి. టార్క్‌ను క్రాంక్ తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు. జర్మనీలో ఉల్రిచ్ షోబరర్ 1986లో మొదలుపెట్టిన ఎస్‌ఆర్‌ఎమ్ మీటర్లు మామూలు రైడర్ కొనే ధరలో ఉండేవి కావు. 2012లో స్టేజెస్ కంపెనీ ఒక్క ఎడమ ఆర్మ్‌కే గేజ్‌లు పెట్టి అమ్మడంతో ధరలు దిగడం మొదలైంది. తర్వాత ఫోర్ ఐస్ వచ్చి ఇంకా దించింది.

1. ముందు మీ క్రాంక్ ఏదో చూడండి

ఆఫర్లు చూసే ముందు టార్చ్ పట్టుకుని సైకిల్ పక్కన కూర్చోండి. ఎడమ ఆర్మ్ లోపలి వైపు, పెడల్ రంధ్రం దగ్గర, మోడల్ నంబరు, పొడవు చెక్కి ఉంటాయి. షిమానో కంపెనీ 105 రకం అయితే ఎఫ్‌సీ-ఆర్7000 లాంటిది, పక్కన 165, 170, 172.5 లేదా 175. కొత్త ఆర్మ్ పొడవు కుడి దానితో సరిపోవాలి.

తర్వాత ఇరుసు. షిమానో హాలోటెక్ 2 ఇరుసు 24 మి.మీ, శ్రామ్ డబ్ 28.99 మి.మీ. ఒకదాని ఆర్మ్ ఇంకోదానికి ఎక్కదు. డబ్బు మిగిలే కిటుకు కూడా ఇక్కడే ఉంది. షిమానో 24 మి.మీ రోడ్ క్రాంక్‌లలో ఎడమ ఆర్మ్‌లు ఒకదాని బదులు ఒకటి పడతాయి. మీది షిమానోలోనే ఖరీదైన అల్టెగ్రా రకం అయినా 105 ఆర్మ్ మీద వచ్చే మీటర్ తీసుకోవచ్చు. లోపలి సెన్సర్ ఒకటే, పైన రంగు తేడా. దాని కోసం అదనంగా ఇచ్చే డబ్బు టైర్ల మీద పెట్టడం మేలు.

ఇరుసు కొన చతురస్రంగా ఉంటే అది స్క్వేర్ టేపర్. తక్కువ ధర రోడ్ బైకుల్లో చాలావాటికి ఇదే. దానికి మీటర్ ఆర్మ్ దొరకడం కష్టం కాబట్టి క్రాంక్‌సెట్, బాటమ్ బ్రాకెట్ (ఇరుసు తిరిగే బేరింగులు) మార్చే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఆర్మ్‌కు, చెయిన్‌స్టేకు (వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేమ్ గొట్టం) మధ్య ఖాళీ కూడా కొలవండి. సెన్సర్ డబ్బా ఆ సందులోనే తిరగాలి. సుమారు 10 మి.మీ ఉంటే దాదాపు ఏదైనా పడుతుంది. తక్కువ ఉంటే డబ్బా మందం కనుక్కోకుండా డబ్బు కట్టకండి.

2. ఒక వైపా, రెండు వైపులా?

ఎడమ మీటర్ ఎడమ కాలి పవర్‌ను రెట్టింపు చేసి చూపిస్తుంది, అంతే. మీరు 200 వాట్లు తొక్కుతున్నప్పుడు ఎడమ కాలిది 104, కుడిది 96 అనుకోండి. తెర మీద 208 కనిపిస్తుంది. మీటర్ వచ్చే అట్టపెట్టె మీద కొలతలో తేడా ప్లస్ ఆర్ మైనస్ 1.5 శాతం అని రాసి ఉంటే 200 దగ్గర అది 3 వాట్లే. అంటే కాళ్ల తేడా వల్ల వచ్చే పొరపాటు దానికి రెండింతలు మించింది. అందుకే 1 శాతమా, 1.5 శాతమా అన్న తేడాకు ఎక్కువ డబ్బు ఇవ్వడం నాకు దండగ అనిపిస్తుంది.

ఆ 8 వాట్ల తేడా మీ శిక్షణను పెద్దగా చెడగొట్టదు. 20 నిమిషాల టెస్ట్ సగటును 0.95తో గుణించి ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల పవర్) తీసేదీ, దాన్నిబట్టి తొక్కేదీ అదే మీటర్‌తో కదా. అలసిపోయాక కాళ్ల వాటా మారుతుంది, దాన్ని మాత్రం ఇది పట్టుకోలేదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, ఒక కాలు బలహీనంగా ఉన్నవాళ్లు ఎడమ మీటర్ వద్దనుకోవడమే మంచిది. వాళ్లకు చెయిన్‌రింగ్‌ల దగ్గర మొత్తం టార్క్ కొలిచే స్పైడర్ మీటర్ సరైనది. మజీన్, సిగేయి లాంటి చైనా కంపెనీల వల్ల ఇవీ ఇప్పుడు అందుబాటు ధరల్లోకి వచ్చాయి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి చూసుకోండి.

3. బ్యాటరీ, సిగ్నల్

సీఆర్2032 నాణెం బ్యాటరీ వాచీలు రిపేరు చేసే కొట్లో కూడా దొరుకుతుంది. చార్జింగ్ రకాలకు చాలాసార్లు ప్రత్యేకమైన కేబుల్ ఉంటుంది, అది పోతే తిప్పలే. సైకిల్ కంప్యూటర్లు వాడే యాంట్ ప్లస్ అనే వైర్‌లెస్ సిగ్నల్, బ్లూటూత్ రెండూ ఉండాలి. బ్లూటూత్ మామూలుగా ఒకేసారి కొద్ది పరికరాలకే దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ తెరిచి ఉంటే సైకిల్ కంప్యూటర్‌కు మీటర్ కనపడక టెన్షన్ పడేది అందుకే.

4. సెకండ్ హ్యాండ్ అయితే

నేను ఒకసారి వాడిన ఆర్మ్ కొన్నాను. పైకి గీత కూడా లేదు. మొదటి వానకే వాట్లు సున్నా. బ్యాటరీ మూత తీస్తే రబ్బరు రింగ్ తెగి ఉంది, లోపల పచ్చగా చిలుము. అప్పటినుంచి మూత తీసి చూడనిదే బేరం మొదలుపెట్టను.

కుడి క్రాంక్ కూడా వస్తుంటే ఇంకో జాగ్రత్త. అతుకు విడిపోతున్న 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ హాలోటెక్ కుడి క్రాంక్‌లను షిమానో 2023 సెప్టెంబరులో తనిఖీకి పిలిచింది. 2019 మధ్యకు ముందు తయారైనదైతే తనిఖీ అయిందో లేదో అడగండి.

5. బిగించడం, సున్నా చేయడం

షిమానో ఎడమ ఆర్మ్ మార్చడం పావుగంట పని. 5 మి.మీ అలెన్ కీతో రెండు బోల్టులు వదులు చేసి, చివరి ప్లాస్టిక్ మూతను దాని టూల్‌తో విప్పి, మధ్యలో ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుకను పైకెత్తి ఆర్మ్ లాగండి. కొత్తది ఎక్కించాక మూతను చేత్తో తిప్పినంత బిగువే చాలు. నాలుకను కిందికి నొక్కాక, రెండు బోల్టులనూ మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. టార్క్ రెంచ్ లేకపోతే షాపులో చేయించండి.

రైడ్‌కు ముందు జీరో ఆఫ్‌సెట్ చేయాలి, అంటే పెడల్ మీద బరువు లేనప్పటి స్థితిని మీటర్‌కు సున్నాగా చెప్పాలి. ఏసీ గదిలోంచి సైకిల్ తీసి ఎండలో పెట్టగానే చేస్తే లోహం ఇంకా చల్లగానే ఉంటుంది. పది నిమిషాలు బయట ఉంచి, పెడల్ మీద కాలు పెట్టకుండా చేయండి. వచ్చే అంకె రోజుకు కాస్త అటూఇటూ కావడం మామూలే. ఒక్కసారిగా ఎక్కడికో పోతే ముందు ఆ రెండు బోల్టులు, తర్వాత బ్యాటరీ చూడండి.