అమనో ఇవాతో గుడికి వెళ్లే ముందు

జపాన్‌లోని మియజాకి ప్రాంతంలో ఈ గుడి ఉన్న తకాచిహో ఊరికి ఇప్పుడు రైలు లేదు. 2005 తుపానులో లైను దెబ్బతిని ఆగిపోయింది. బస్సే గతి. తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి.

సూర్యదేవత అమతెరాసు అలిగి దాక్కుందనే గుహ నదికి అవతలి ఒడ్డున ఉంది. లోపలికి పోనివ్వరు, పూజారి ఇవతల నుంచే చూపిస్తారు. అక్కడ ఫోటోలు తీయకూడదు.

నీళ్ల తొట్టి దగ్గర గరిటెతో ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవాలి. పుక్కిలించడానికి నీళ్లు ఎడమ అరచేతిలో పోసుకోండి, గరిటెకు నోరు పెట్టొద్దు. ఎంగిలి సంగతి మనకు ఒకరు చెప్పాలా! రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగితే దణ్ణం పూర్తయినట్టు.

దేవతలు సమావేశమయ్యారనే అమనో యసుకవర అనే చోటికి నది వెంట పది నిమిషాల నడక. తడిస్తే దారి జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. అక్కడ పేర్చిన రాళ్లు జనం మొక్కులు, కాలు తగలనివ్వకండి.