వానలు మొదలవకముందే గుడ్డిపామును గుర్తుపట్టడం నేర్చుకోండి

గట్టి వాన పడితే నేలలోని సందుల్లోకి నీళ్లు దిగుతాయి. లోపలున్న గుడ్డిపాములు ఊపిరాడక పైకి వస్తాయి. బాత్రూమ్ తూము దగ్గరో, పూలకుండీ కిందో కనబడగానే చాలామంది టెన్షన్ పడి చీపురు తిరగేసి కొట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వీటికి విషం లేదు, మనల్ని కరిచేంత నోరూ లేదు. చెవిలో దూరుతుందన్నది ఉత్త భయం. ఇవి తినేది చీమల, చెదల గుడ్లు, పిల్లపురుగులు.

చూడ్డానికి వానపాములా ఉంటుంది కానీ ఒంటిమీద ఉంగరాల్లాంటి గీతలుండవు. నున్నటి పొలుసులు మెరుస్తుంటాయి. మెడ అంటూ విడిగా ఉండదు, తలా తోకా ఒకే లావు. కళ్లు పొలుసుల కింద రెండు నల్ల చుక్కలు, అంతే. తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఊతం కోసం దాన్ని గుచ్చుతుంది, అది కాటు కాదు.

సైజు చూసి మాత్రం తేల్చేయకండి. గుడ్డిపాముల కోవకే చెందిన, కరీబియన్ దీవి బార్బడోస్‌లో ఉండే దారప్పాము 10 సెంటీమీటర్లే, ఆఫ్రికాలో దాదాపు మీటరు పెరిగే గుడ్డిపామూ ఉంది. పైగా అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కట్లపాము పిల్ల కూడా సన్నగానే ఉంటుంది, దానికి పుట్టుకతోనే విషం ఉంటుంది. పొట్టకింద వెడల్పు పొలుసులు, ఒంటిమీద పట్టీలు, స్పష్టమైన కళ్లు కనబడితే అది గుడ్డిపాము కాదు. ఏ కాస్త అనుమానమున్నా వట్టి చేత్తో ముట్టుకోవద్దు, పాములు పట్టేవాళ్లకి కబురు చేయండి. ఏ పామో తెలియకుండా కాటు పడితే కట్లు కట్టడం, కోయడం మానేసి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

గుడ్డిపామేనని తేలితే అట్టముక్క మీదికి ఎక్కించి, నీడలో తడిమట్టి మీద వదిలితే చాలు. ఎండలో వదిలితే త్వరగా ఎండి చచ్చిపోతుంది. ఫినాయిల్, కిరోసిన్ పోయకండి. తూములకి సన్నజాలీ బిగించి, తలుపు కింద సందు మూస్తే లోపలికి రావు.

అన్నిటికన్నా ముఖ్యం కుండీల సంగతి. దక్షిణాసియాలో ఎక్కువగా కనబడే బ్రాహ్మిణీ గుడ్డిపాముల్లో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. అంటే మట్టిలో ఒక్కటి వెళ్లినా కొత్తచోట సంతతి మొదలైనట్టే. హవాయి, ఫ్లోరిడాల దాకా ఇవి చేరింది మొక్కల మట్టితోనే. కాబట్టి మొక్కని వేరే ప్రాంతానికి పంపేముందు గ్లౌజులు వేసుకుని వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని విడదీసి చూడండి, కుండీ అడుగు రంధ్రం కూడా వదలకుండా.