గుర్రానికి ఐస్ బూట్లు, మసాజ్ రగ్గు వాడుతున్నా తేడా కనబడట్లేదా?

ఐస్ బూట్లు వేసి తీశాక కూడా కాలు వేడిగానే ఉంది

చాలాసార్లు బూటు చెడిపోయి కాదు, లోపల ఉండే చల్లటి జెల్ ప్యాక్ కాలికి సరిగ్గా ఆనట్లేదు అంతే. దౌడు తీసేటప్పుడు ముందుకాలి వెనక ఉండే టెండన్ (కండని ఎముకకి కలిపే గట్టి నరం లాంటి తాడు) లోపల 45 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మోకాలి కింద గుర్రానికి కండ అంటూ ఉండదు, టెండన్ చర్మం కిందే ఉంటుంది కాబట్టి చల్లదనం తేలిగ్గానే లోపలికి దిగుతుంది, కానీ మధ్యలో బురదో ఒత్తు జుట్టో గాలో ఉంటే దిగదు. పని అవ్వగానే ముందు, స్వారీలో కాలికి రక్షణగా వేసిన నియోప్రీన్ (రబ్బరు నురగ లాంటి బట్ట) బూట్లు పీకేయండి, అవి వేడిని పట్టి ఉంచుతాయి, కాలు కడిగి తడిగా ఉన్నప్పుడే ఐస్ బూటు తొడిగి 15-20 నిమిషాల్లో తీసేయండి. ప్యాక్ కరిగిపోయాక ఇంకా ఉంచితే అదే దుప్పటి అయిపోతుంది. నిజం చెప్పాలంటే గుర్రం కదలకుండా నిలబడితే బకెట్లో ఐసు నీళ్ళే వీటన్నిటికన్నా బాగా పనిచేస్తాయి, కాలు చుట్టూ ఖాళీ లేకుండా ఆనుతాయి కదా.

ఒక్క కాలే, పక్క కాలికంటే వేడిగా ఉండి, నొక్కితే లాక్కుంటోందా? బూట్ల సంగతి వదిలేయండి, పని ఆపించి డాక్టర్‌తో స్కాన్ చేయించండి. ఐసు పెడితే నొప్పి తగ్గి గుర్రం బానే నడుస్తుంది, దెబ్బ మాత్రం అలాగే ఉంటుంది, అసలు ప్రమాదం అక్కడే.

రాత్రి కాలికి కట్టిన కట్టు పొద్దున విప్పితే గీతలు, పైనా కిందా వాపు

బిగువు అంతటా ఒకేలా లేదు, లేదా లోపలి ప్యాడ్ మడత పడింది. మడత దగ్గర రాత్రంతా ఒత్తుకుంటే టెండనే దెబ్బతింటుంది. ప్యాడ్ సాఫీగా పరిచి, కట్టాక వేలు దూరేంత వదులు ఉంచండి. కట్టు కింద ఘాటు లినిమెంట్ (నొప్పులకి రుద్దే మందు) రాయొద్దు, చర్మం పొక్కుతుంది. ఊరికే నిలబడి వచ్చిన వాపైతే కాసేపు నడిపిస్తే దిగిపోతుంది, ఎందుకంటే గిట్ట నేలని తొక్కినప్పుడల్లా రక్తం పైకి తోస్తుంది.

సిరామిక్ బట్ట వేస్తే చెమట, చిరాకు

ఒంటి వేడినే తిరిగి ఒంటికి పంపేలా చేస్తారు దాన్ని. మొదటి రోజే రాత్రంతా వేసేశారా? గంటో రెండో మొదలుపెట్టి వారంలో పెంచండి, ఎండాకాలం పగలు వద్దు.

మసాజ్ రగ్గు ఆన్ చేయగానే చెవులు వెనక్కి, తోక విసురు

రగ్గు అదిరే స్పీడ్ ఎక్కువై ఉండొచ్చు, అన్నిటికంటే తక్కువలో పెట్టి చూడండి. అయినా వీపు దించేస్తుంటే జీను చూడండి. దిగాక వీపంతా చెమట పట్టి ఒకటి రెండు చోట్ల మాత్రం పొడిగా ఉందంటే జీను అక్కడ ఒత్తుతోందేమో అని అనుమానించాలి, అది సరిచేయకుండా రోజూ రగ్గు వేస్తే సాయంత్రం హాయి, పొద్దున మళ్ళీ అదే నొప్పి. ఉత్త అయస్కాంతాలు కుట్టిన రగ్గుల మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు, గట్టి రుజువులు లేవు. కరెంటుతో అయస్కాంత పల్స్ ఇచ్చేవి వేరే రకం, చూడి గుర్రానికీ రక్తం కారే తాజా గాయానికీ మాత్రం డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

రగ్గు మధ్యలో ఆగిపోతోంది

ఛార్జింగ్ చూడండి, తర్వాత కనెక్టర్. చెమట దిగి ఉంటుంది, తుడిచి ఆరబెట్టండి. వైర్లున్న రగ్గు వేసి గుర్రాన్ని ఒంటరిగా వదలకండి, నమిలేస్తుంది.