స్టాట్స్, అప్లైడ్ మ్యాథ్ పీహెచ్‌డీ: ఎక్కడెక్కడ అప్లై చెయ్యాలి

అమెరికాకి ఎంఎస్‌కి కొత్తగా వచ్చి, వచ్చే డిసెంబర్ డెడ్‌లైన్లకి స్టాటిస్టిక్స్‌లోనో అప్లైడ్ మ్యాథ్‌లోనో పీహెచ్‌డీ అప్లై చేద్దాం అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది. ర్యాంకింగ్ లిస్ట్ తీసి పైనుంచి పదిహేను పేర్లు రాసేసుకుంటారు చాలామంది, అలా చెయ్యకండి. ర్యాంక్ డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఇస్తారు, మీరు ఐదేళ్ళు పనిచేసేది మాత్రం ఒకరిద్దరు ప్రొఫెసర్ల దగ్గర.

అందుకే ముందు మనుషుల్ని వెతకండి. ఎంఎస్‌లో చదివినవాటిలో మీకు నిజంగా నచ్చిన పేపర్లు ఏవో చూసి, అవి రాసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, కొత్త స్టూడెంట్లని తీసుకుంటున్నారా, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారా అని వాళ్ళ వెబ్‌పేజీల్లో చూడండి. ఒక్కరి కోసమే ఒక ప్రోగ్రామ్‌కి వెళ్ళడం రిస్క్, ఆయన వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోతే మీ గతి ఏంటి? కనీసం ఇద్దరుముగ్గురు ఉండాలి. పాత స్టూడెంట్లు ఎవరో తెలియాలంటే మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్ట్ అని, ఎవరు ఎవరి దగ్గర పీహెచ్‌డీ చేశారో చూపే వెబ్‌సైట్ ఉంది, అందులో ఆ ప్రొఫెసర్ పేరు కొట్టండి, తర్వాత వాళ్ళకి ఎక్కడ ఉద్యోగాలొచ్చాయో మీరే వెతుక్కోవచ్చు.

డిపార్ట్‌మెంట్ పేరు చూసి మోసపోకండి. సియాటిల్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో స్టాట్స్, బయోస్టాట్స్ (వైద్య, ఆరోగ్య రంగాల స్టాటిస్టిక్స్), అప్లైడ్ మ్యాథ్ మూడూ వేరువేరు డిపార్ట్‌మెంట్లు. జాన్స్ హాప్‌కిన్స్‌లో అప్లైడ్ మ్యాథ్, స్టాట్స్ కలిపి ఒకటే, అదీ ఇంజినీరింగ్ స్కూల్లో. ప్రిన్స్‌టన్‌లో స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ అని వెతికితే దొరకదు, ఆ పని చేసేవాళ్ళు ఓఆర్‌ఎఫ్‌ఈ (ఆపరేషన్స్ రీసెర్చ్ అండ్ ఫైనాన్షియల్ ఇంజినీరింగ్) డిపార్ట్‌మెంట్‌లో ఉంటారు. న్యూమరికల్, కంప్యుటేషనల్ వైపు, అంటే లెక్కల్ని కంప్యూటర్ మీద సాధించే పద్ధతులు ఇష్టమైతే యూటీ ఆస్టిన్‌లో ఓడెన్ ఇన్‌స్టిట్యూట్, స్టాన్‌ఫర్డ్‌లో ఐసీఎంఈ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ కంప్యుటేషనల్ అండ్ మ్యాథమెటికల్ ఇంజినీరింగ్), న్యూయార్క్ యూనివర్సిటీలో కూరాంట్ ఇన్‌స్టిట్యూట్ చూడండి. బేసియన్ స్టాటిస్టిక్స్ (ముందున్న అంచనాని డేటాతో సవరించుకుంటూ పోయే పద్ధతి) అంటే డ్యూక్ యూనివర్సిటీ పేరు ఎలాగూ వినే ఉంటారు.

రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌ని ప్రూఫ్‌లతో చదివే కోర్స్) చెయ్యకుండా థియరీ బలంగా ఉన్న స్టాట్స్ ప్రోగ్రామ్స్‌కి వేస్తే కష్టమే, మనలో ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్ళకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లోనే ఆ కోర్స్ తీసుకోండి, డిసెంబర్‌కి గ్రేడ్ రాకపోయినా ఆ ప్రొఫెసర్ రికమండేషన్ లెటర్ రాయగలరు. మ్యాథ్ జీఆర్ఈ సబ్జెక్ట్ టెస్ట్ కొన్నిచోట్లే అడుగుతారు, ఏడాది పొడవునా పెట్టరు కాబట్టి ఆ సంగతి వేసవిలోనే తేల్చుకోండి.

ఇంక డబ్బు. బయోస్టాట్స్‌లో చాలామంది స్టూడెంట్లకి ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ట్రైనింగ్ గ్రాంట్ల నుంచి ఫండింగ్ వస్తుంది, అవి సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకే. ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా అంతే. అంటే ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఎక్కువగా టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పనులే దిక్కు, అందుకని అంతకుముందు బ్యాచ్‌ల్లో ఇంటర్నేషనల్ స్టూడెంట్లు ఎంతమంది ఉన్నారో చూడండి. స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, వేసవిలో ఏం చేస్తారు, క్వాలిఫయింగ్ ఎగ్జామ్ (పీహెచ్‌డీలో కొనసాగాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) ఫెయిలైతే రెండో ఛాన్స్ ఉందా, ఇవన్నీ అక్కడ చదువుతున్న స్టూడెంట్లకి మెయిల్ పెట్టి అడగండి, వెబ్‌సైట్ కంటే వాళ్ళే ఓపెన్‌గా చెప్తారు.

ఎన్ని అప్లై చెయ్యాలంటే, నా లెక్కలో పది పన్నెండు చాలు. ఒక్కోదానికీ దాదాపు వంద డాలర్ల ఫీజు, ఇంటర్నేషనల్ వాళ్ళకి ఫీజు మాఫీలు (వేవర్లు) తక్కువ. సేఫ్ స్కూల్, అంటే సీటు ఖాయంగా వచ్చే చోటు, అని మాత్రం దేన్నీ అనుకోకండి, చిన్న డిపార్ట్‌మెంట్లలో ఏడాదికి తీసుకునేదే కొద్దిమందిని. సీటొచ్చినా వెళ్ళను అనిపించే చోటికి అసలు వెయ్యొద్దు.

ఆఫర్ వచ్చాక వారంలో చెప్పమంటే కంగారుపడకండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్ మీద నిర్ణయానికి ఏప్రిల్ 15 దాకా టైమ్ ఇవ్వాలి, మీది ఆ లిస్ట్‌లో ఉందో లేదో వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది.