పెట్రోలు ఇంకిన స్థలంలో బోరు వేసే ముందు

తిరుపతి చుట్టుపక్కల మూతపడిన పెట్రోల్ బంకులోనో, డీజిల్ ట్యాంకు కారిన షెడ్డు పక్కనో నేలను, భూగర్భ జలాన్ని పరీక్షించవలసి వస్తే, మొదటి విడత పనిని ఈశాన్య రుతుపవనాలు రాకముందే, అంటే అక్టోబరు నడిమికి ముందే, ముగించుకోవడం మంచిది. పెట్రోలు నీటికంటే తేలిక కాబట్టి నీటిమట్టం మీద పొరలా తేలుతుంది. వానలకు మట్టం పైకి లేచినప్పుడు దానిలో కొంత మట్టి రేణువుల మధ్య చిక్కుకొని నీటి అడుగునే ఉండిపోతుంది. అప్పుడు బోరులో పొర కనిపించనంత మాత్రాన నేల శుభ్రపడినట్టు కాదు. అందుకే వానలు వెలిశాక రెండో విడత కొలతలు తప్పనిసరి.

ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం మొదటి బోరంటేనే. మనకు పైన ఎర్రమట్టి, దాని కింద గరుసు (శిథిలమైన రాయి), ఆ కింద గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. ఆ రాతిలో నీరు పగుళ్ల వెంటే నడుస్తుంది. మంచినీటికి వేసినట్టే బోరు బండిని పిలిపించి నేరుగా రాతిలోకి దించితే, పైపొరలో నిలిచిన పెట్రోలుకు మనమే దారి తెరిచి, ఇరుగుపొరుగు తాగే ఊటలోకి పంపినవాళ్లమవుతాం. కాబట్టి ముందు గరుసు వరకే పరీక్షించాలి. రాతిలోకి వెళ్లక తప్పనప్పుడు పైపొరలోది కిందికి జారకుండా కేసింగు గొట్టం దించి, దాని చుట్టూ సిమెంటు, బెంటొనైటు (నీటికి ఉబ్బే బంకమట్టి) నింపి, అది గట్టిపడ్డాకే కిందికి తవ్వాలి. బోరు బండి కంప్రెసర్ గాలికి పెట్రోలులోని బెంజీన్ వంటి త్వరగా ఆవిరయ్యే పదార్థాలు ఎగిరిపోతాయి, కంప్రెసర్ నూనె నీటిలో కలవవచ్చు. తవ్విన వెంటనే పట్టిన నీటిని నమ్మరాదు.

నీరు ఎటు వాలుతున్నదో తెలియాలంటే ఒకే వరసలో లేని మూడు బోర్లయినా కావాలి. పక్క తోటల మోటార్లు నడుస్తుండగా కొలిస్తే ఆ వాలు తప్పుగా కనిపిస్తుంది.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు; గుంతలో, చాంబరులో అడుగున పేరుకుంటుంది. గాలిలో సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. నిండు ట్యాంకుకంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం, ఎందుకంటే అందులో మిగిలేది ఆవిరే. ఈ కనీస స్థాయిలో పదో వంతును (10 శాతాన్ని) ఆవిరి కొలిచే మీటరు చూపగానే పని ఆపి అందరూ దూరంగా జరగాలి. వాసన చూసి అంచనా వేయడం ఎంత అనుభవజ్ఞుడికైనా తగదు. బెంజీన్ క్యాన్సర్ కలిగించే పదార్థం.

ఇక నమూనా పట్టడం. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత సూక్ష్మమైన లెక్కలో, పొద్దున బైకుకు పెట్రోలు పోయించుకొని వచ్చిన చేయి కూడా ఫలితాన్ని చెడగొట్టగలదు. నమూనా పట్టేవారు ఆ రోజు ఇంధనం ముట్టరాదు. జనరేటరును గాలి మన వైపు నుంచి అటు వీచే చోట పెట్టాలి. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను నీరు అంచుపై ఉబ్బి నిలిచేదాకా నెమ్మదిగా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూడండి. బుడగ పైకి తేలితే ఆ సీసాను పక్కన పెట్టి కొత్తది నింపండి, ఎందుకంటే మనం వెతుకుతున్న పదార్థం ఆ బుడగలోకి చేరిపోతుంది. సీసాలను మంచు పెట్టెలో పెట్టి, ఆలస్యం చేయకుండా ప్రయోగశాలకు చేర్చాలి.

పక్క బావిలో ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపించిందని ఎవరైనా కంగారుపడితే పుల్లతో కదిపి చూడమనండి: ముక్కలుగా విరిగితే అది సాధారణంగా ఇనుము మీద బతికే సూక్ష్మజీవుల పొర, వెంటనే తిరిగి కలిసిపోతే నూనె. ఏదైనా సరే, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ నీటిని తాగకుండా వేరే నీరు సరఫరా చేయాలి.

తవ్వి తీసిన మట్టిని కాలువ గట్టున కుప్ప వేయకండి. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరచి, పైన టార్పాలిన్ కప్పి, అంచులకు రాళ్లు పెట్టించండి. ఒక్క రాత్రి వాన చాలు, అది స్వర్ణముఖి వైపు దారి పట్టడానికి.