మేస్త్రిని మార్చేముందు ఇది చూడండి: సొంతింటి పనిలో సమస్యలు, వాటి మూలాలు, పరిష్కారాలు

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు ఏ పనినైనా ఐదు దశలుగా చూస్తారు: ప్రారంభం, ప్రణాళిక, అమలు, పర్యవేక్షణ, ముగింపు. రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ పేర్లు తెలియకపోయినా దశలు మాత్రం తప్పవు. గొడవ దాదాపు ఎప్పుడూ అమలు దశలోనే బయటపడుతుంది కాబట్టి నింద మేస్త్రి మీద పడుతుంది. మేస్త్రిని మార్చినా అదే గొడవ కొత్త మేస్త్రితో మళ్లీ వస్తుంది, ఎందుకంటే చాలాసార్లు కారణం ఒకటి రెండు దశల వెనకే ఉంటుంది.

సమస్య: స్లాబు పడేసరికి డబ్బు అయిపోయింది

సిమెంటు ధర పెరిగింది, ఇసుక దొరకలేదు అంటారు. అదీ కొంత నిజమే. కానీ అసలు లెక్కే సగం వేసుకుని ఉంటాం. చదరపు అడుగుకి ఇంత అని మేస్త్రి చెప్పిన రేటును విస్తీర్ణంతో గుణించి, అదే బడ్జెట్ అనుకుంటాం. అందులో బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, కరెంటు మీటరు, ప్లాను అనుమతి ఫీజు, చెక్క పని ఉన్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. అది లేబర్ రేటా, మెటీరియల్‌తో కలిపిన రేటా అన్నది కూడా కొందరికి పునాది దాటాక గానీ తేలదు. లోను తీసుకున్నవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. బ్యాంకు మొత్తం ఒకేసారి ఇవ్వదు, పని ఎంతవరకు వచ్చిందో చూసి విడతలుగా ఇస్తుంది. ఆ విడత చేతికి వచ్చేదాకా పని నడవాలంటే మన సొంత డబ్బు ఉండాలి.

మూలం ప్రారంభ దశలో ఉంది. ఇప్పుడు చేయగలిగింది: మిగిలిన పనులన్నీ రాసి, ఒక్కోదానికి విడిగా రేటు అడగండి. ఇంట్లో దిగడానికి తప్పనివి ఒక పక్క, తర్వాత చేయించుకోగలిగినవి ఒక పక్క పెట్టండి. ఎలివేషన్ (ఇంటి ముందువైపు హంగులు), ఫాల్స్ సీలింగ్, వార్డ్‌రోబులు ఆగగలవు. వాటర్‌ప్రూఫింగ్, ఎర్తింగ్ ఆగకూడదు. పని కొన్నాళ్లు ఆపక తప్పకపోతే, పైఅంతస్తు కోసం వదిలిన పిల్లర్ రాడ్లకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించి ఆపండి.

సమస్య: కట్టిన గోడే మళ్లీ పగలగొడుతున్నారు

అన్నిటికన్నా ఖరీదైన గొడవ ఇదే. దీనికి రెండు మూలాలుంటాయి.

మొదటిది ప్రణాళికలో ఉంటుంది. పిల్లర్ల డ్రాయింగ్ ఉంటుంది గానీ కరెంటుకి, నీళ్ల పైపులకి డ్రాయింగులు ఉండవు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసుకుంటాడులే అనుకుంటాం. స్లాబులో ఫ్యాన్ బాక్సులు, పైపులు కాంక్రీటు పోయకముందే పడాలి. బాత్రూం కింద స్లాబును ఎంత దించాలో సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే చట్రం) కొట్టేరోజుకే తేలాలి. గీజరు, ఏసీ, ఇన్వర్టర్ ఎక్కడో తెలియకుండా ప్లాస్టరింగ్ అయిపోతే తర్వాత గోడకు గాడి కొట్టడమే.

ఈ తప్పు పెద్దవాళ్లూ చేశారు. ఆస్ట్రేలియాలోని ప్రసిద్ధ ప్రదర్శనశాల సిడ్నీ ఒపేరా హౌస్ పని 1959లో మొదలయ్యేనాటికి దాని గవ్వల్లాంటి పైకప్పు డిజైన్ ఇంకా తేలలేదు. రాజకీయ మద్దతు పోతే పనే ఆగిపోతుందేమోనని ప్రభుత్వం తొందరపెట్టింది. తీరా పైకప్పు లెక్క తేలాక, కింద అప్పటికే కట్టిన స్తంభాలు ఆ బరువుకు చాలవని తెలిసి వాటిని మళ్లీ కట్టారు. 1963కి, సుమారు 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లలో అయిపోతుందనుకున్నది 1973కి, 10 కోట్ల 20 లక్షల డాలర్లకు పూర్తయింది. ఆ భవనం ఎంతో అందంగా ఉంటుంది, కాదనను. మన లోను మేనేజరు మాత్రం అందం చూసి ఊరుకోడు.

కాగితం మీద తలుపు జరపడానికి రబ్బరు చాలు. ముగ్గు పోసి మార్కింగ్ చేశాక తాడు జరిపితే చాలు. గోడ లేచాక ఇటుకలూ కూలీ దండగ. స్లాబు పడ్డాక కొన్నిటిని జరపనే లేం. రోజులూ రూపాయలూ ఎక్కువ తినేది అమలు దశే అయినా, ఐదింటిలో ప్రణాళికకే ఎక్కువ మార్కులు వేస్తానంటే కారణం ఇది. ఇంజనీరు ఫీజు దగ్గర గీచిగీచి బేరమాడి, మార్బుల్ షాపులో అంతకు పదింతలు చిరునవ్వుతో ఖర్చుపెట్టేవాళ్లను చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

రెండో మూలం ప్రారంభంలో ఉంటుంది: ఆఖరి మాట ఎవరిదో తేల్చుకోకపోవడం. పొద్దున అయ్యగారు వచ్చి కిటికీ ఇక్కడంటారు, సాయంత్రం బావగారు వచ్చి అక్కడంటారు, గోడ సగం లేచాక వాస్తు చూసేవారు వస్తారు. "ఇంతకీ ఎవరి మాట వినమంటారు సార్?" అని మేస్త్రి అడిగితే తప్పు అతనిది కాదు. వాస్తు చూపించుకునేవాళ్లు ప్లాను కాగితం మీద ఉండగానే చూపించుకోవాలి.

పరిష్కారం: సైటులో ఒక నోటుబుక్కు, ఇంట్లో ఒకే ఒక్కరి సంతకం. ఏ మార్పయినా ముందు అందులోకి ఎక్కాలి. దేన్ని పగలగొట్టాలి, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు ఆలస్యం అన్నవి పక్కనే రాయాలి. ఆ మూడూ రాసేసరికి సగం కోరికలు వాటంతటవే ఆగిపోతాయి. ప్లాస్టరింగ్‌కి ముందు ఇంట్లోవాళ్లంతా కలిసి గదిగదీ తిరిగి స్విచ్చులు, కుళాయిలు ఎక్కడ రావాలో సుద్దతో గుర్తులు పెట్టండి. పైపులు మూసేముందు టేపు పెట్టి కొలత కనపడేలా ఫొటోలు తీయండి.

సమస్య: మేస్త్రి రావడం లేదు

ముందు లెక్క చూడండి. అయిన పని కన్నా ఇచ్చిన డబ్బు ఎక్కువగా ఉంటే అతను ఇంకో సైటులో ఉంటాడు. విడతలను తేదీలతో కాకుండా పనితో ముడిపెట్టాలి: పునాది, ప్లింత్ బీము (నేలమట్టం దగ్గర వేసే బీము), స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్. ఒప్పందం ఇప్పటికే తప్పుగా ఉంటే, తర్వాతి విడత నుంచైనా మార్చుకుని కాగితం రాసుకోండి.

లెక్క సరిగ్గానే ఉంటే మీ వైపు చూసుకోండి. టైల్స్ ఎంచుకోలేదు, తలుపుల కొలతలు చెప్పలేదు, కంకర దింపలేదు. మెటీరియల్ లేని సైటుకు కూలీలను తెచ్చి కూర్చోబెట్టే స్తోమత ఏ మేస్త్రికీ ఉండదు. మనుషులను పెంచినంత మాత్రాన అన్ని పనులూ వేగంగా అవ్వవు. పదిమంది వచ్చినా కాంక్రీటు గట్టిపడే రోజులు తగ్గవు.

సమస్య: కొత్త స్లాబుకు పగుళ్లు, చెమ్మ

ఇది పర్యవేక్షణ లోపం. పర్యవేక్షణ అమలు తర్వాత వచ్చే దశ కాదు, దాని పక్కనే నడవాలి. కాంక్రీటు పోసేరోజు భోజనాలు పెట్టించడానికి అందరం వెళతాం. కానీ ఇంజనీరు రావాల్సింది అంతకుముందే, కమ్మీలు కట్టాక, కింద కవర్ బ్లాకులు (కమ్మీలు అడుగుకు ఆనకుండా పెట్టే చిన్న దిమ్మలు) ఉన్నాయో లేదో చూడటానికి. పోసేటప్పుడు పనివాళ్లు నీళ్లు ఎక్కువ కలుపుతారు. కాంక్రీటు పోసి పరచడం తేలికవుతుంది గానీ బలం తగ్గుతుంది.

క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) మీద భారత ప్రమాణం ఐఎస్ 456 సూటిగా చెబుతుంది: మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌ల్యాండ్) సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద లాంటివి కలిపిన బ్లెండెడ్ సిమెంటుకు కనీసం 10 రోజులు, వేడి పొడి వాతావరణంలో ఇంకా ఎక్కువ. బస్తా మీద పీపీసీ అని ఉంటే అది బ్లెండెడ్ సిమెంటే. మన ఎండల్లో బ్లెండెడ్ సిమెంటుకు 14 రోజులు అనుకోండి. స్లాబు మీద చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపాలి. పూటకోసారి పైపుతో తడపడం చాలదు. స్లాబు కింద గడలు తీయడానికి కూడా లెక్క ఉంది: గది 4.5 మీటర్ల లోపు అయితే కనీసం 7 రోజులు, దాటితే 14. సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకు కావాలన్నది మన స్లాబుకు సంబంధం లేని విషయం.

పగులు ఇప్పటికే వచ్చి ఉంటే పైన పుట్టీ పూసి దాచకండి. పెన్సిల్‌తో పగులు చివర గీత గీసి తేదీ వేయండి. పగులు ఆ గీత దాటి పోతున్నా, కిటికీ మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా పాకుతున్నా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అక్కడ మట్టి పరీక్ష లేకుండా పక్కింటి పునాది లోతే మనమూ తీసి ఉంటే, మూలం మళ్లీ ప్రణాళికలోనే ఉన్నట్టు.

సమస్య: గృహప్రవేశం అయింది, పని మాత్రం అవలేదు

ఆషాఢం వచ్చేస్తోందని ముహూర్తం పెట్టేసుకుంటాం, తడి ఆరని గోడకు రంగేయిస్తాం, పాలు పొంగించిన రోజే మేస్త్రికి బట్టలు పెట్టి మొత్తం లెక్క తేల్చేస్తాం. ఆ తర్వాత అతను ఫోనెందుకు ఎత్తాలి? బట్టలు తప్పకుండా పెట్టండి, ఆఖరి విడతలో కొంత మాత్రం మొదటి వానాకాలం దాటేదాకా ఉంచుకోండి. ఈ మాట ఒప్పందం రోజునే చెప్పి ఉండాలి, చివర్లో చెబితే పోట్లాటే.

మిగిలినది కాగితాల పని. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం), ఆస్తి పన్ను మదింపు, నిర్మాణం కోసం తీసుకున్న తాత్కాలిక కరెంటు కనెక్షన్‌ను గృహ వినియోగంలోకి మార్పించుకోవడం. మోటారు, గీజరు వారంటీ కార్డులు, డ్రాయింగులు, పైపుల ఫొటోలు ఒకే ఫైల్లో పెట్టండి. ఏసీ బిగించే అబ్బాయి గోడకు డ్రిల్లు పెట్టేముందు ఆ ఫొటోలు చూపించమంటాడు.